సముద్రపు చేప గ్రుడ్లలో చిన్నవి, పెద్దవి

కోడిగ్రుడ్డును మనమందరము ఎరుగుదుము. గ్రుడ్డు కొంచెము చిన్నదైనను, కొంచెము పెద్దదైనను పిల్ల బ్రతుకునకు అది అంతగా అడ్డురాదు. పొదిగి బయటికి వచ్చిన పిల్ల మరునాటికే తల్లి వెంట తిరుగుచు నూకలు ఏరుకొని తినగలదు. సముద్రపు చేప సంగతి ఇట్లు కాదు. దాని గ్రుడ్డు వ్యాసములో ఒక మిల్లీమీటరునందు పదవ వంతు భేదము వచ్చినను, పుట్టిన పిల్లకు మొదటి ముద్ద నోట పట్టునా పట్టదా అనునది ఆ భేదముపై ఆధారపడి యుండవచ్చును.

గడచిన అర్ధశతాబ్దములో సముద్రపు చేపలను తొట్లలోను, చెరువులలోను, వలపంజరములలోను ఉంచి, అచ్చటనే గ్రుడ్లు పెట్టించి, పిల్లలను పెంచు విద్య చాల అభివృద్ధి చెందినది. ఇట్టి పని జరుగు స్థలమునే హేచరీ అని పిలుచుచున్నారు. కొన్ని జాతులు హేచరీలో సులభముగా లొంగినవి. మరికొన్ని జాతులు దినదినము వేలకొలది గ్రుడ్లు పెట్టుచున్నను, వానిలో ఒక్క పిల్లయు బ్రతుకక శాస్త్రజ్ఞులను ఏండ్ల తరబడి విసిగించినవి. ఈ భేదమునకు గల కారణములలో ముఖ్యమైనది గ్రుడ్డు పరిమాణము. అది జాతిని బట్టి మారును. అంతేకాదు, ఒకే జాతిలో తల్లిని బట్టి, ఒకే తల్లిలో ఋతువును బట్టి గూడ మారును. ఈ మార్పులు ఎట్టివి, వాని ఫలితములేవి అను విషయమును ఇచ్చట వివరింతము.

లెక్కకు చాలని గ్రుడ్లు

సముద్రపు చేపలను బంధించి గ్రుడ్లు పెట్టించు పని నిన్న మొన్నటిది కాదు. నార్వే దేశపు లోఫోటెన్ దీవుల వద్ద కాడ్ అను చేప విస్తారముగా దొరకును. ఆ చేప గ్రుడ్లు నీటిపై తేలుచుండునని 1864-65 ప్రాంతమున జి. ఓ. సార్స్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. తేలెడు గ్రుడ్లను పోగుచేయుట సులభము. ఈ సంగతి తెలిసిన తరువాత 1882 లో గుండర్ మాథీసన్ డానెవిగ్ అను నావికుడు దక్షిణ నార్వేలోని ఫ్లోడెవిగెన్ అను చోట ఒక హేచరీని స్థాపించెను. పెద్ద కాడ్ చేపలను ఒక కొలనులో ఉంచి, అవి పెట్టిన గ్రుడ్లను పొదిగించి, పుట్టిన పిల్లలను సముద్రములో వదలుట అచ్చటి పద్ధతి. ఏటేట కోట్లకొలది పిల్లలను వదలుచు ఈ పని దాదాపు తొంబది ఏండ్లు సాగినది. అయినను దానివలన సముద్రములో కాడ్ సంపద పెరిగినట్లు నిదర్శనము దొరకలేదు. తుదకు 1971 లో ఆ పనిని నిలిపివేసిరి.

ఎందువలన ఇట్లయ్యెను? అచ్చట వదలినవి అప్పుడే పుట్టిన పిల్లలు. ప్రతిదానికి కడుపు క్రింద ఒక చిన్న సొనసంచి వ్రేలాడుచుండును. సంచిలోని సొన కొన్ని దినములకే సరిపోవును. అది అయిపోవు సమయమున పిల్లకు తగిన ఆహారము, తగిన పరిమాణములో, దగ్గరనే దొరకవలెను. దొరకనిచో అది చచ్చిపోవును. నార్వే దేశస్థుడే అయిన యోహాన్ యోర్ట్ అను శాస్త్రజ్ఞుడు 1914 లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమును నొక్కి చెప్పెను. ఏ ఏటి చేపలు సమృద్ధిగా నుండునో నిర్ణయించునది పెట్టిన గ్రుడ్ల సంఖ్య కాదనియు, సొన ముగిసి పిల్ల తన నోటితో తినుటకు మొదలుపెట్టు ఆ కొద్ది దినములే కీలకమనియు ఆయన అభిప్రాయపడెను. ఆయన ఊహలో కొన్ని అంశములను తరువాతి వారు సవరించిరి. కాని హేచరీలో పనిచేయు వారికి మాత్రము అది నేటికిని అనుభవసిద్ధమైన సత్యము. గ్రుడ్లు లెక్కించినంత మాత్రమున పిల్లలు దక్కవు.

పరిమాణములో భేదములు

సముద్రపు చేపలలో అధికభాగము తేలెడు గ్రుడ్లు పెట్టును. వీని వ్యాసము సామాన్యముగా 0.6 మి.మీ. మొదలు 1.5 మి.మీ. వరకు ఉండును. అనగా ఇంచుమించు గసగసాల గింజంత. మన తీరమున ప్రసిద్ధమైన పండుగప్ప గ్రుడ్డు 0.7 - 0.8 మి.మీ. ఉండును. గ్రూపర్ చేపలలో నారింజ చుక్కల జాతి గ్రుడ్డు గూడ 0.8 మి.మీ. ప్రాంతముననే యుండును. పాంపనో గ్రుడ్డు దాదాపు 1 మి.మీ., కోబియా గ్రుడ్డు 1.1 నుండి 1.3 మి.మీ., కాడ్ గ్రుడ్డు 1.2 నుండి 1.6 మి.మీ. వరకు ఉండును. ఉత్తర అట్లాంటిక్‌లో నివసించు హాలిబట్ అను పెద్ద బల్లపరుపు చేప గ్రుడ్డు 3 మి.మీ. పైబడి యుండును. ఉడికిన సగ్గుబియ్యపు గింజను చూచిన వారికి ఆ గ్రుడ్డు రూపము ఊహకందగలదు. అది అంత పెద్దది, అంత పారదర్శకమైనది.

మరికొన్ని చేపలు గ్రుడ్లను నీటిలోనికి వదలక రాతికి అంటించి కావలి కాయును. నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపను అలంకారపు తొట్లలో పలువురు చూచియుందురు. సముద్రములో అది సీ ఎనిమోన్ అను పువ్వువంటి జంతువు నీడలో నివసించును. దాని గ్రుడ్డు గుండ్రముగా కాక గొట్టపు మాత్రవలె కోలగా, 2 - 3 మి.మీ. పొడవున ఉండును. ఒక్కసారి పెట్టునవి కొన్ని వందలు మాత్రమే. మగచేప వానిని రెక్కలతో విసరుచు, చెడిన గ్రుడ్లను ఏరివేయుచు వారము దినములు కాపాడును.

ఇంతకంటె విచిత్రమైనది బంగ్గాయి కార్డినల్ చేప. ఇది ఇండోనేషియాలోని సులవేసి తూర్పున గల బంగ్గాయి దీవులలో మాత్రమే స్వతస్సిద్ధముగా దొరకును. దీని గ్రుడ్డు దాదాపు 3 మి.మీ. ఉండును. ఒక్కసారికి పెట్టునవి కొన్ని పదులు మాత్రమే. మగచేప వానిని నోటిలో ఉంచుకొని, మూడు వారములు ఆహారము మాని పొదుగును. పిల్లలు పుట్టిన పిదప గూడ మరి కొన్ని దినములు నోటిలోనే ఉంచుకొని, అవి తమంత తాము ఈదగల దశలో బయటికి వదలును.

ఈ జాబితాను చూచినచో ఒక సూత్రము స్పష్టపడును. గ్రుడ్లు చిన్నవైనచో సంఖ్య అధికము. గ్రుడ్లు పెద్దవైనచో సంఖ్య స్వల్పము, లేదా తల్లి శరీరము చాల పెద్దది. ఒక్క ఇంటిలో ఒక్క కుంచము బియ్యము ఉన్నప్పుడు పదిమందికి కడుపునిండ పెట్టవచ్చును, నూరుమందికి పిడికెడు పిడికెడు పంచవచ్చును. తల్లి చేప యొక్క అండాశయమునకు గూడ ఈ నియమమే వర్తించును. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు స్వార్డ్‌సన్ 1949 లో చేపల విషయమున ఈ ప్రశ్నను చర్చించెను. 1974 లో స్మిత్, ఫ్రెట్‌వెల్ అను వారు దీనికొక గణితరూపము నిచ్చిరి. ఒక్కొక్క బిడ్డకు ఎంత పెట్టుబడి పెట్టినచో తల్లికి అన్నిటికంటె ఎక్కువమంది బిడ్డలు దక్కుదురో, ఆ పరిమాణమునకే ప్రకృతివరణము గ్రుడ్డును నడిపించునని వారి సిద్ధాంత సారాంశము.

వ్యాసము వేరు, ఘనపరిమాణము వేరు

ఇచ్చట పాఠకులు ఒక చిన్న లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను. గోళముయొక్క ఘనపరిమాణము వ్యాసముతో సమానముగా పెరుగదు. వ్యాసము రెట్టింపైనచో ఘనపరిమాణము ఎనిమిది రెట్లగును. హాలిబట్ గ్రుడ్డు వ్యాసము 3 మి.మీ., పండుగప్ప గ్రుడ్డు వ్యాసము 0.75 మి.మీ. అనుకొందము. వ్యాసములో మొదటిది రెండవదానికి నాలుగింతలు. ఘనపరిమాణములో మాత్రము 64 ఇంతలు! అట్లే 1.0 మి.మీ. గ్రుడ్డు 0.9 మి.మీ. కు తగ్గినచో కంటికి ఆ భేదము కనబడదు. కాని లోపలి పదార్థము నూటికి 27 వంతులు తగ్గినట్లే. హేచరీలలో సూక్ష్మదర్శిని క్రింద గ్రుడ్లను అంత జాగ్రత్తగా కొలుచుటకు కారణమిదియే.

అయినను గ్రుడ్డు పెద్దదైనంత మాత్రమున దానిలో ఆహారము అంతయు అధికమని చెప్పరాదు. తేలెడు గ్రుడ్డులో నూటికి తొంబది వంతులు నీరే. గ్రుడ్డు పక్వమగు చివరి గంటలలో సొనలోని మాంసకృత్తులు కొంతవరకు విడిపోయి అమైనో ఆమ్లములుగా మారును. వాని ఆకర్షణచే నీరు లోపలికి చొచ్చుకొని వచ్చి గ్రుడ్డు ఉబ్బును. ఈ నీరే దానిని ఉప్పునీటిపై తేల్చు సాధనము. బాల్టిక్ సముద్రములో ఉప్పు తక్కువ. అచ్చటి కాడ్ గ్రుడ్డు తేలవలెనన్నచో ఎక్కువ నీటిని నింపుకొనవలెను. అందువలన బాల్టిక్ కాడ్ గ్రుడ్లు నార్వే కాడ్ గ్రుడ్లకంటె పెద్దవి. ఈ పెద్దతనము సొనవలన వచ్చినది కాదు, నీటివలన వచ్చినది. కావున రెండు సముద్రముల చేపలను పోల్చునప్పుడు గ్రుడ్డును ఆరబెట్టి తూచిన బరువే నమ్మదగిన కొలత. ఒకే తొట్టిలో, ఒకే ఉప్పదనములో ఉన్న చేపలను పోల్చునప్పుడు మాత్రము వ్యాసము చాలవరకు సరియైన సూచనయే.

మొదటి ముద్ద

పెద్ద గ్రుడ్డునుండి పెద్ద పిల్ల పుట్టును. పెద్ద పిల్లకు పెద్ద నోరుండును, కడుపులో సొన నిలువ ఎక్కువగా నుండును. ఈ మూడు విషయములును కలిసి పిల్ల అదృష్టమును నిర్ణయించును.

క్లౌన్ చేప పిల్ల పుట్టునప్పటికే 3 - 4 మి.మీ. పొడవుండును. కండ్లు నల్లబడి చూపు వచ్చియుండును, నోరు తెరచియుండును. చీకటి పడిన తరువాత గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల మరునాడు ఉదయమే వేటాడగలదు. పండుగప్ప పిల్ల అట్లు కాదు. 28 - 30 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము గల నీటిలో సుమారు 17 గంటలలో గ్రుడ్డు పగులును. వెలువడిన డింభకము, అనగా లార్వా, 1.5 మి.మీ. పొడవున్న సన్నని దారపుముక్క వంటిది. దానికి నోరు తెరువబడలేదు, కండ్లు రంగు తేలలేదు. రెండు మూడు దినములలో నోరు ఏర్పడుసరికి సొనయు దాదాపు ముగియును. ఆనాడే ఆహారము అందవలెను.

ఏమి పెట్టవలెను? పిల్ల తినునది దాని నోటి వెడల్పుకంటె చాల చిన్నదై యుండవలెను, ప్రాణముతో కదలవలెను. ఈ చిక్కును మొదట విడదీసినది జపాన్ దేశము. అచ్చట ఈల్ చేపల చెరువులలో రోటిఫర్ అను సూక్ష్మజీవి పుంఖానుపుంఖములుగా పెరిగి నీటిని పాడుచేయుచుండెను. దానినే సముద్రపు చేపపిల్లలకు ఆహారముగా వాడవచ్చునని 1960 లో ఇతో అను శాస్త్రజ్ఞుడు చూపెను. చెరువునకు పట్టిన పీడ ఆ విధముగా హేచరీకి వరమైనది. రోటిఫర్ పొడవు రకమును బట్టి సుమారు 0.1 నుండి 0.3 మి.మీ. వరకు ఉండును. అది అలవడిన తరువాత పిల్లలకు ఆర్టీమియా అను ఉప్పునీటి రొయ్యజాతి పురుగుయొక్క పిల్లలను పెట్టుదురు. ఇవి దాదాపు అర మిల్లీమీటరు ఉండును. క్లౌన్ చేప, కోబియా, పాంపనో, పండుగప్ప మొదలగునవి ఈ రెండు మెట్లపైననే పెరుగుచున్నవి. గ్రూపర్ పిల్లల నోరు మరింత చిన్నది. కావున వానికి రోటిఫర్లలో అతి చిన్న రకమును వేరుగా పెంచి పెట్టవలసి వచ్చినది.

అతి చిన్న రోటిఫర్ కూడ నోట పట్టని చేపలు గలవు. పగడపు దిబ్బలపై నివసించు మరుగుజ్జు ఏంజెల్ చేపలు సాయంసంధ్యవేళ జంటగా పైకి లేచి గ్రుడ్లను వదలును. వేడినీటి తొట్లలో ఇవి ఇంచుమించు ప్రతిదినము గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్డు వ్యాసము 0.7 మి.మీ. మాత్రమే. ఒక్క దినము గడువకముందే పిల్లలు వెలువడును. మూడవ నాటికి నోరు తెరచును. నాల్గవ, ఐదవ దినములకు అన్నియు చచ్చును. చాల ఏండ్లు ఇదే కథ జరిగినది. గ్రుడ్లు లేక కాదు, ఆహారము లేక కాదు, ఆహారము నోట పట్టక! సముద్రములో ఈ పిల్లలు కోపిపాడ్ అను సూక్ష్మ జలచరముల పసికూనలను తినును. వానిలో అతి చిన్న జాతుల కూనలు 0.1 మి.మీ. కంటె తక్కువ యుండును. అట్టి కోపిపాడ్లను తొట్లలో పెంచు నేర్పు 2000 తరువాతి సంవత్సరములలో హవాయి దీవులయందు అలవడినది. అప్పటినుండియే ఏంజెల్ చేపల పిల్లలు బ్రతుకసాగినవి. అచ్చటి ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వారు ఇట్టి చిన్న గ్రుడ్డునే పెట్టు పసుపుపచ్చని టాంగ్ చేపను 2015 లో మొట్టమొదటిసారిగా పిల్లదశ వరకు పెంచగలిగిరి.

పెద్ద గ్రుడ్డు పెట్టు హాలిబట్‌కు ఏ చిక్కును లేదని అనుకొనరాదు. చల్లని నీటిలో దాని గ్రుడ్డు పొదుగుటకే రెండు వారములు పట్టును. పుట్టిన పిల్ల దాదాపు 40 దినములు సొనపైననే బ్రతుకును. అంతకాలము చీకటిలో, కదలిక లేని నీటిలో, సూక్ష్మజీవులు సోకకుండ కాపాడుట కష్టసాధ్యము. చిన్న గ్రుడ్డుది మొదటి ముద్ద బాధ, పెద్ద గ్రుడ్డుది నిరీక్షణ బాధ.

ఒకే తల్లి, వేర్వేరు గ్రుడ్లు

ఇంతవరకు జాతికిని జాతికిని గల భేదములను చూచితిమి. ఒకే జాతిలో గల భేదములు హేచరీ నిర్వాహకునకు ఇంకను ముఖ్యమైనవి. ఏలయన జాతిని అతడు మార్చలేడు, తల్లిని పోషించు విధానమును మార్చగలడు.

మొదటిది తల్లి వయస్సు, శరీర పరిమాణము. తొలిసారి గ్రుడ్లు పెట్టు కాడ్ చేప గ్రుడ్లు, పెక్కుమార్లు పెట్టిన పెద్ద చేప గ్రుడ్లకంటె చిన్నవి. 2018 లో బర్నేషే మొదలగు శాస్త్రజ్ఞులు 342 జాతుల సముద్రపు చేపల వివరములను పరిశీలించి, తల్లి బరువు రెట్టింపైనచో సంతానమునకై అది వెచ్చించు శక్తి రెట్టింపుకంటె అధికమగునని తేల్చిరి. అనగా ఒక పెద్ద చేప చేయు పనిని, మొత్తము మీద దానితో సమానమైన బరువు గల నాలుగు చిన్న చేపలు చేయలేవు.

రెండవది ఋతువు. కాడ్, టర్బట్, యూరపు దేశపు సీబాస్ మొదలగు చేపలు ఒక ఋతువులోని గ్రుడ్లనన్నిటిని ఒక్కమారు పెట్టవు. కొన్ని దినములకొక దఫా చొప్పున విడతలు విడతలుగా పెట్టును. తొట్టిలో ఉంచిన ఆడ కాడ్ చేప దాదాపు రెండు నెలల కాలములో పదిహేను, ఇరువది దఫాలు గ్రుడ్లు పెట్టును. మొదటి దఫాలలోని గ్రుడ్లు పెద్దవి. ఋతువు గడచినకొలది అవి క్రమముగా చిన్నవగును. తల్లి శరీరములోని నిలువలు తరుగుట ఇందుకొక కారణము. కాలము గడచినకొలది నీరు వెచ్చబడుట మరియొకటి. నీటి వేడి హెచ్చినచో గ్రుడ్డు త్వరగా పక్వమగును, సొన చేరుటకు వ్యవధి చాలదు. బాగెనాల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1971 లో ఇంకొక సంగతిని ఎత్తి చూపెను. చలిదేశపు సముద్రములలో ఋతువు ముదిరినకొలది పిల్లలకు ఆహారము సమృద్ధియగును గనుక, తొలిదినములలో పిల్లకు ఎక్కువ నిలువ అవసరము, మలిదినములలో తక్కువ నిలువయే చాలును. ఈ విధముగా చూచినచో గ్రుడ్డు చిన్నదగుట తల్లి బలహీనతయే కాక, ప్రకృతి చేసిన పొదుపు కూడ కావచ్చును.

కాని హేచరీలో ఈ లెక్క తారుమారగును. అచ్చట కృత్రిమముగా దీపములను వెలిగించి, పగలు రాత్రుల నిడివిని మార్చి, చేపచే ఏడాది పొడవున గ్రుడ్లు పెట్టించుచున్నారు. వెలుతురును మార్చి, నీటి వేడిని తదనుగుణముగా అమర్చనిచో గ్రుడ్లు చెడును.

మూడవది తల్లి ఆహారము. జపానులో ఎర్ర సీబ్రీమ్ అను చేపపై వతనాబే మొదలగువారు 1980 దశకములో చేసిన ప్రయోగములలో, తల్లికి మాంసకృత్తులు, అవసరమైన క్రొవ్వు ఆమ్లములు, భాస్వరము కొరతపడినచో తేలెడు గ్రుడ్ల నిష్పత్తి పడిపోయెను, వికృతమైన పిల్లలు హెచ్చెను. కటిల్ ఫిష్ అను కణవజాతి జీవి పొడిని ఆహారములో కలిపినపుడు గ్రుడ్లు బాగుపడెను. ఆహారలోపము గ్రుడ్డు వ్యాసమునందు తప్పక కనబడునని లేదు. గ్రుడ్డు చూచుటకు సరిగనే యుండి లోపల డొల్లగా నుండవచ్చును. అందుచేతనే మంచి గ్రుడ్డునకు గుర్తులు రెండు మూడు కలిపి చూతురు. అది తేలవలెను, గాజువలె స్వచ్ఛముగా నుండవలెను, మొదటి కణవిభజనలు సమానమైన ముక్కలుగా జరుగవలెను.

నాల్గవది తల్లి మనస్థితి అని చెప్పిన నవ్వుదురేమో! ఆస్ట్రేలియా తీరమున లిజార్డ్ దీవి వద్ద మార్క్ మెకార్మిక్ అను శాస్త్రజ్ఞుడు చిన్న డామ్‌సెల్ చేపలపై ప్రయోగములు చేసెను. ఆడచేపలు క్రిక్కిరిసి యున్నచోట్ల వాని శరీరములో కార్టిసాల్ అను హార్మోను హెచ్చుననియు, అట్టి తల్లుల పిల్లలు పుట్టుకలోనే చిన్నవిగా నుండుననియు ఆయన 2006 లో ప్రకటించెను. బెదిరింపు, పోట్లాట, ఇరుకు తల్లి రక్తమునుండి గ్రుడ్డులోనికి ప్రవేశించి పిల్ల పరిమాణమును తగ్గించుచున్నవన్నమాట. ఒక చిన్న తొట్టిలో పది జంటలను కుక్కి గ్రుడ్లు ఎక్కువ వచ్చునని సంతోషించు వారు ఈ విషయమును గమనింపవలెను.

బంధనములో గ్రుడ్లు పెట్టించుట

బంధనమునందు చేప ఎదుగును, కొవ్వును, అండాశయము నిండును. కాని చివరి మెట్టు వద్ద ఆగిపోవును. నదీముఖములు, అమావాస్య పున్నమల పోటుపాటులు, ఉప్పదనములో మార్పు, ఇవన్నియు సహజముగా మెదడునకు ఇచ్చు సంకేతములు తొట్టిలో దొరకవు. ఆ సంకేతముల బదులు హార్మోనును సూదితో ఎక్కించుట నేటి పద్ధతి. బొచ్చె, శీలావతి మొదలగు మంచినీటి చేపల విషయమున పీయూషగ్రంథి రసముతో జరుగు ప్రేరణ మన రైతులకు చిరపరిచితమే. సముద్రపు చేపలకు, పీయూషగ్రంథిని ప్రేరేపించు హార్మోనును పోలిన కృత్రిమ పదార్థములను వాడుచున్నారు.

పండుగప్ప విషయమున మరియొక చిక్కు గలదు. ఈ చేప మొదట మగదై, కొన్ని ఏండ్లకు ఆడదిగా మారును. గ్రూపర్ చేపలో ఇది తలక్రిందులు. మొదట ఆడది, తరువాత మగది. కావున తల్లిదండ్రుల మందను సిద్ధపరచుటకే అయిదారేండ్ల ఓర్పు కావలెను. థాయిలాండు వారు 1970 దశకము ఆరంభముననే పండుగప్పచే గ్రుడ్లు పెట్టించిరి. మన దేశములో చెన్నై సమీపమున ముట్టుకాడులోని కేంద్రీయ ఉప్పునీటి జలచర పెంపక సంస్థ 1997 లో దీనిని సాధించినది. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తమిళనాడులోని మండపం వద్ద 2010 లో కోబియాను, 2011 లో వెండి పాంపనోను బంధనములో పునరుత్పత్తి చేయించిరి. అదే సంస్థ యొక్క విశాఖపట్టణ శాఖ గ్రూపర్ పిల్లల ఉత్పత్తిలో కృషి చేసినది. కృష్ణా తీరమున పండుగప్పను పెంచు రైతునకు, ఏటి మొగలలో వలవేసి పట్టిన పిల్లకును, హేచరీ పిల్లకును గల వ్యత్యాసము బాగుగా తెలియును. మొదటిది దొరకిననాడు దొరకును, లేనినాడు లేదు. రెండవది ఒకే వయస్సు, ఒకే పరిమాణముగలదై అడిగిననాటికి లభించును.

గ్రుడ్లు సకాలమున వెలువడుట గూడ ముఖ్యమే. బంధనములోని హాలిబట్ తనంతట తాను గ్రుడ్లను చక్కగా వదలదు. మూడు నాలుగు దినములకొకసారి ఒక దఫా గ్రుడ్లు కడుపులో పక్వమై విడివడును. అప్పుడు చేతితో కడుపు నొక్కి వానిని తీయవలెను. ఆలస్యమైనచో కొద్ది గంటలలోనే అవి అతిపక్వమై ఫలదీకరణమునకు పనికిరాకుండపోవును. ఒక్కొక్క ఆడచేపకు దాని సొంత వేళ యుండును. ఆ వేళలను చేప చేపకు వేరుగా వ్రాసియుంచుకొనిన వారికే మంచి గ్రుడ్లు దక్కును.

ఏది మేలు?

చిన్న గ్రుడ్డు మేలా, పెద్ద గ్రుడ్డు మేలా అని అడిగినచో ప్రకృతి రెండింటిని అంగీకరించినదని చెప్పవలెను. ఏంజెల్ చేప తన సంతానమును లక్షలుగా ప్రవాహములో విడిచిపెట్టును. చాలభాగము నశించును. కాని మిగిలినవి దూరదూరములకు కొట్టుకొనిపోయి క్రొత్త దిబ్బలపై స్థిరపడును. ఒకచోట చేపలన్నియు పట్టివేసినను మరియొక చోటినుండి పిల్లలు వచ్చి చేరవచ్చును. బంగ్గాయి కార్డినల్ చేప పిల్లలు తండ్రి నోటినుండి దిగినచోటనే బ్రతుకును. బ్రతుకు అవకాశము ఎక్కువే. కాని దేశాంతరము పోవు అవకాశము లేదు. అలంకారపు తొట్ల వ్యాపారమునకై ఏటేట లక్షలకొలది చేపలను పట్టుటచే కొన్నిచోట్ల వాని మందలు ఖాళీ అయినవి. 2007 లో ఈ జాతిని అంతరించు ప్రమాదము గలవాని పట్టికలో చేర్చిరి. దిబ్బపై ఒకసారి తుడిచిపెట్టుకొనిపోయినచో అచ్చటికి తిరిగి వచ్చుట దానికి దుర్లభము. హేచరీలో పెంచుటకు ఇంత సులభమైన చేప మరియొకటి అరుదు. పెద్ద గ్రుడ్డు, పెద్ద పిల్ల, మొదటి దినముననే ఆర్టీమియాను తినగల నోరు. అయినను సముద్రమునుండి పట్టుట చౌక గనుక పట్టుచు వచ్చిరి. పెంచగలిగిన జాతిని పెంచి అమ్ముట ఎంత అవసరమో దీని చరిత్ర చెప్పుచున్నది.

హేచరీ నిర్వాహకునకు మాత్రము సమాధానము వేరు. అతడు కోరవలసినది ఆ జాతికి సాధ్యమైనంత మంచి గ్రుడ్డు. అందులకు చేయవలసిన పనులు కష్టమైనవి కావు. పెద్దవై, పలుమార్లు గ్రుడ్లు పెట్టిన తల్లులను అమ్మివేయక నిలుపుకొనవలెను. వానికి ఇరుకు లేకుండ చోటియ్యవలెను. తాజాచేప, కణవ మొదలగు మేతను గ్రుడ్ల ఋతువునకు ముందునుండియే పెట్టవలెను. ప్రతి దఫాలోను ఇరువది ముప్పది గ్రుడ్లను సూక్ష్మదర్శినితో కొలిచి తేదీతో సహా వ్రాయవలెను. వ్యాసము దఫా దఫాకు తగ్గుచున్నచో పిల్లల నోటికి తగినట్లు మేతను గూడ చిన్నది చేయవలెను, లేదా తుది దఫాలను విడిచిపెట్టవలెను. ఇవన్నియు చేయువానికి గ్రుడ్ల సంఖ్య కొంత తగ్గినను పిల్లల సంఖ్య తగ్గదు.

ఫ్లోడెవిగెన్ వారు కోట్లకొలది పిల్లలను సముద్రమునకు అప్పగించిరి. నేటి హేచరీవారు అందులో ఎన్నో వంతు గ్రుడ్లతోనే తొట్లు నింపుకొని, పిల్లలను కండ్లార చూచుచున్నారు. ఈ మార్పు తెచ్చినది గ్రుడ్డును లెక్కించుట మాని కొలుచుట నేర్చుకొనుటయే. గసగసంత గ్రుడ్డులో, దానినుండి వెలువడు వెండ్రుకంత పిల్లలో, ఆ పిల్లకు మూడవ దినమున తెరువబడు సూదిమొనంత నోటిలో మన పంజరముల పంట ఇమిడియున్నది.